మూడోసారి పోసిన ఇంజను మూత

వకీల్ సాబ్ ఆ మూతను తువ్వాలలో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొని మా వాకిట్లోకి వచ్చారు. ఆషాఢం ముసురు. కోటు తడిసి నల్లబడింది గానీ, తువ్వాల మీద చుక్క పడకుండా గొడుగంతా దానికే పట్టారు. మా పక్కింట్లో చెట్లమందు ఇచ్చే వైద్యుడు ఉండేవాడు. అరుగు మీద కందులు చెరుగుతున్న మా అత్త ఈయన కూడా అక్కడికే వచ్చారనుకుంది.

"బిడ్డకు జరమా అయ్యా?" అని అడిగింది.

"జరం గాదమ్మా, ఇరిగింది."

"అయ్యో. కాలా, చెయ్యా?"

"నెత్తి," అంటూ ఆయన తువ్వాల విప్పారు.

లోపల రెండు ముక్కలైన అల్యూమినియం మూత. మూరెడు పొడవు, జానెడుకు తక్కువ వెడల్పు, బోర్లించిన దోనెలా ఉంది. మోటారు కారు ఇంజను నెత్తిన ఉండే మూత అది. కింద కవాటాలు ఎగిరెగిరి పడుతుంటే నూనె బయటికి చిమ్మకుండా కప్పి ఉంచుతుంది. మా అత్త చాట పక్కన పెట్టి ఆ రెండు ముక్కలనూ, కోటు వేసుకున్న ఆ పెద్దమనిషినీ మార్చి మార్చి చూసింది.

ఆయన కరీంనగర్‌లో వకీలు. బస్సులో పెద్దపల్లికి, అక్కడి నుంచి రైలులో బెల్లంపల్లికి, ఈ రెండు ముక్కల కోసం వచ్చారు. పోలీసు చర్య నాటి గడబిడలో ఒక దొర కోటలాంటి తన గడి వదిలి పట్నం పోతే, కొట్టంలో వరిగడ్డి కింద ఒక సీమ మోటారు పదేళ్లు పడి ఉందట. సీట్ల మీద కోళ్లు గుడ్లు పెట్టేవట. దాన్ని ఈయన ఎడ్లబండికి కట్టి ఇంటికి తెచ్చుకొని, కచేరీ నుంచి వచ్చాక రోజూ ఒక్కో మరా విప్పి, కడిగి, మళ్లీ బిగించుకుంటూ నాలుగేళ్లు గడిపారు. అంతా అయ్యాక, ఎవరో మిస్త్రీ బలం చూపించి బిగించేసరికి మూత పగిలింది. ఆ కంపెనీ సామాను రావడం ఎప్పుడో ఆగిపోయింది. పట్నమంతా తిరిగారు, బొంబాయికి ఉత్తరాలు రాశారు. ఎక్కడా లేదు.

"కొత్తది జెయ్యాలె ఉస్తాద్," అన్నారు మా ఆయనతో. "మీద ఏడు గీతలుంటయి, జూడు, గవ్వి గట్లనే రావాలె. అద్దం లెక్క మెరవాలె. పట్నంల నా అసొంటి పిచ్చోళ్లు ఇంకో నలుగురున్నరు. ఒగని మోటరుకు ఇదే మూత లేదు, ఇంకొగనికి గేరు డబ్బ మూత లేదు. నాది మంచిగైతె అందరికి నీ ఇంటి తొవ్వ జూపిస్త."

"పిచ్చోళ్లు నలుగురేనా?" అంది మా అత్త. "నలుగురు పిచ్చోళ్లతోని మా పొయ్యి ఎన్నొద్దులు మండుతది సారూ?"

వకీల్ సాబ్ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. ఆయన అప్పటికే ఆ రెండు ముక్కలను చేతుల్లోకి తీసుకొని, పగులు దగ్గర ఆనించి చూస్తున్నారు.

మా అత్త మాటలో ఎకసెక్కం ఉన్నా దాని అడుగున భయం ఉంది. మా ఆయన కమ్మరి ఇంట పుట్టి, బొగ్గుబాయి వర్క్‌షాపులో పదకొండేళ్లు టర్నరుగా చేశారు. రోజూ అవే పిన్నులు, అవే బోల్టులు. ఇంటికి వచ్చాక మాట ఉండేది కాదు. ఆ ఏడు ఉగాది దాటాక పని మానేసి, తుక్కులో పడి ఉన్న ఒక పాత లేతు మిషను తెచ్చి బాగుచేసి, మా ఇంటి ముందరి రేకుల కొట్టంలో నిలబెట్టారు. దాని దగ్గర నిలుచున్న రోజు నుంచి ఆయన గొంతులో సన్నగా ఏదో భజన పాట వినబడేది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన పాడగలరని నాకు తెలియదు. ఆ పాట విన్నప్పుడల్లా నేను మనసులోనే దండం పెట్టుకునేదాన్ని.

కానీ పని రాలేదు. సైకిలు ఇరుసులు, బావి గిలకలు, అంతే. వర్క్‌షాపు ఫోర్‌మన్ మంచి మనిషి. "నీ జాగ దసరా దాక ఎవరికి ఇయ్య. ఆలోపట ఏదో ఒగటి వచ్చి చెప్పు," అన్నారట. దసరా దాటితే ఆ చోటు పోతుంది. వెనక్కి వెళితే ఈ లేతు పోతుంది, పాటా పోతుంది. వకీల్ సాబ్ మూత మా ఇంట్లోకి వచ్చింది అలాంటి రోజుల్లో.

మా పుట్టిల్లు కరీంనగర్ దిక్కు. మా బాపు కంచరి. చెంబులు, దీపపు కుందెలు, గుడిగంటలు పోసేవారు. ఆడపిల్లను ఉర్దూ బడికి పంపి ఏం చేస్తామని, పోతపోసే ఇసుకను చదును చేసి దాని మీదనే వేలితో అక్షరాలు దిద్దించారు. తప్పు రాస్తే అరచేత్తో ఒక్కసారి తుడిస్తే చాలు, ఇసుక ఏమీ గుర్తు పెట్టుకోదు. నా చదువంతా అలా నేల మీద కూర్చొని జరిగిందే. అక్షరాలతో పాటు చెవిలో పడిన మాటలు కూడా కొన్ని మిగిలాయి. అందులో ఒకటి ఆ రోజుల్లో పనికివచ్చింది.

మా ఆయన ఇనుమును కోయడంలో దిట్ట గానీ ఎప్పుడూ పోతపోసిన మనిషి కాదు. పగిలిన ముక్కలను లక్కతో అతికించి, టేకు ముక్కతో సరిగ్గా అంతే కొలతకు అచ్చు చెక్కడానికి కూర్చున్నారు. నేను చాయ్ గ్లాసు పక్కన పెట్టి నిలబడ్డాను.

"ఏంది?" అన్నారు తల ఎత్తకుండా.

"సరిగ్గ అంతే జేస్తె చిన్నగొస్తది. సల్లారితె లోహం ముడుసుకుంటది. మా బాపు జానెడుకు వడ్లగింజంత ఎక్కువ పెడుతుండె."

ఆయన ఉలి ఆపారు. "వడ్లగింజ నిలువా, అడ్డమా?"

"అడ్డం. మందమంత."

లోపలికి వెళ్లి ఒక వడ్లగింజ తెచ్చి ఇచ్చాను. దాన్ని కొలిచే పనిముట్టు దవడల మధ్య పెట్టి కొలిచి, చెక్క మీద పెన్సిలుతో గీత గీశారు. "మీ బాపు గీడనే ఉన్నట్టున్నది," అన్నారు. బాపు పోయి అప్పటికి రెండేళ్లు. ఆ మాట ఈనాటికీ నా దగ్గర ఉంది.

వాగు ఇసుక జల్లించి, బంకమన్ను కలిపి, బెల్లం నీళ్లు చిలకరించి రెండు చెక్క పెట్టెల్లో దట్టించారు. మధ్యలో అచ్చు పెట్టి తీస్తే మూత ఆకారంలో ఖాళీ మిగులుతుంది. దాంట్లోకి కరిగిన లోహం పోయాలి. లోహం కోసం పగిలిన పిస్టన్లు, సొట్టలు పడిన గిన్నెలు పోగుచేశారు. మా వాడలో అల్యూమినియాన్ని సిల్వర్ అంటారు. అత్త తన పాత అన్నం గిన్నె కూడా తెచ్చి పడేసింది. "పేరుకు ఎండి. మెరుపే గాని ఇలువ లేదు, నా కొడుకు దుక్నం లెక్కనే," అని.

పోత పోసే రోజు పొద్దున్నే తలంటుకొని, దీపం పెట్టి, అక్షింతలు కలిపాను. ఎందుకో చెప్పాలి. మా పుట్టింట్లో గుడికి గంట పోసే రోజు ఊరంతా మా వాకిట్లో ఉండేది. ఒకరు విరిగిన గజ్జె, ఒకరు ముక్కుపుల్ల తునక, ఇంకొకరు అరిగిన ఇత్తడి ఉగ్గుగిన్నె, ఎవరి మొక్కు వారు తెచ్చి లోహం కరిగే మూసలో వేసి దండం పెట్టుకునేవారు. అందరి తర్వాత నన్ను కన్న మా అవ్వ వచ్చి అక్షింతలు వేసేది. అవి పడకుండా మా ఇంట్లో ఒక్క గరిటె లోహం కూడా పోయలేదు. ఎవరూ దాని గురించి మాట్లాడేవారు కాదు. వంట దించే ముందు ఉప్పు చూసినంత సహజంగా జరిగిపోయేది.

మా ఆయన పెట్టెలు సరిచూసుకోవడానికి అటు తిరిగారు. నేను ఎడమచేత్తో కొలిమికి గాలి కొట్టే చక్రం తిప్పుతూ, కుడిచేత్తో చిటికెడు అక్షింతలు మూసలో వేశాను. అప్పుడే కలిపినవి, పసుపు తడి ఇంకా ఆరలేదు. చిటపటమన్నాయి. తెల్లటి ఆవిరి లేచింది. నైవేద్యం అందినట్టు అనిపించి, ఇనుప కడ్డీతో ఒకసారి కలియబెట్టాను. ఆయన వచ్చి మూస ఎత్తి పోశారు.

ఇసుక పగలగొట్టి తీస్తే మూత ముద్దుగా వచ్చింది. ఏడు గీతలూ ఉన్నాయి. కొలత సరిపోయింది. నా వడ్లగింజ నిలబడింది. అడుగు అంచు నున్నగా రావడానికి దాన్ని లేతుకు బిగించి తిప్పారు. పైపొర తొలగుతూ వెండి రంగు బయటపడుతుంటే పాట మొదలైంది. అంతలోనే ఆగింది. వెళ్లి చూస్తే మెరిసే అంచులో సూది గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు.

"పైననే ఉన్నయేమో, జూద్దాం," అన్నారు. మూతను వెల్లకిలా పెట్టి బయటివైపంతా సుద్ద పూశారు. లోపల కిరసనాయిలు నింపారు. ఎక్కడైనా సన్న రంధ్రం ఉంటే కిరసనాయిలు దారి చేసుకొని వచ్చి సుద్ద మీద మచ్చ అవుతుంది. మేం అన్నం తిని వచ్చేసరికి సుద్దంతా నల్ల చుక్కలు.

"తట్టు పోసిన పిల్ల లెక్కున్నది," అంది అత్త.

వానాకాలం కాబట్టి ఇసుకలో తడి ఎక్కువైందని మా ఆయన అనుకున్నారు. ఆ మూతను మళ్లీ కరిగించడానికి పక్కన పెట్టి, ఇసుకను రేకుల మీద పరిచి కింద బొగ్గులు పెట్టి రెండు రోజులు ఆరబెట్టారు. నేను వేరే అనుకున్నాను. మొదటిసారి చిటికెడే వేశాను, పిసినారితనం చేశాను, దేవుడికి అది చాలలేదని. అందుకని రెండోసారి ఒక్కపొద్దు ఉండి, గుప్పెడు వేశాను.

రెండో మూత మొదటిదాని కన్నా పాడుగా వచ్చింది. సుద్ద పూయవలసిన పని కూడా పడలేదు. ఎండకు ఎత్తి పట్టుకుంటే ఒకచోట వెలుగు కనిపించింది.

మా ఆయన దాన్ని దాగలి మీద పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి ముక్కలు చేశారు. కోపంతో కాదు. మళ్లీ కరగాలంటే ముక్కలు కావాలి. కానీ ముక్కలను మూసలో వేయకుండా అలాగే వదిలేసి వచ్చి అన్నానికి కూర్చున్నారు. కలపకుండా కుడి అరచేయి చూసుకున్నారు.

"ఇనుము గోసిన చెయ్యి ఇది," అన్నారు. "పోతకు పనికిరాదు. ఇసుక ఎండవెట్టిన, కొలత జూసిన, పొయ్యి జూసిన. ఇగ మిగిలింది చెయ్యే. రేపు పొద్దుగాల ఫోర్‌మన్ దగ్గరికి పోయి, మల్ల పనికి వస్తనని చెప్త."

ఇన్ని నెలలుగా మా అత్త ఎదురుచూసిన మాట అది. కొడుకు అన్నంలో ఇంకో గరిటె పప్పు వేసి, గిన్నె తీసుకొని లోపలికి వెళ్లింది.

ఆ మధ్యాహ్నం నేను దాగలి దగ్గర ముక్కలు ఏరుతున్నాను. ఒక ముక్క విరిగిన అంచులో, లోహం మధ్యన, నల్లగా ఏదో ఇరుక్కొని ఉంది. పిన్నీసుతో కదిపితే ఊడి అరచేతిలో పడింది. మాడి బొగ్గైన బియ్యపుగింజ. పైన ఉన్న సన్న గీత కూడా చెక్కు చెదరలేదు. ఊడిన చోట దాని ఆకారంలోనే గూడు ఉంది. చుట్టూ బుడగలు.

ఆ గుంటలన్నీ నావే.

సాయంత్రం దీపం ముందు చాలాసేపు కూర్చున్నాను. దేవుడి పేరున వేసింది ఎలా చెడగొడుతుందని నా మొండి ప్రశ్న. మరి బాపు పోసిన గంటలు ఎలా మోగాయి? అప్పుడు బాపు వాకిలి కళ్లకు కట్టింది. అవ్వ అక్షింతలు కలిపేది ముందురోజు. చాటలో పోసి ఎండలో పెట్టేది. కాకులు రాకుండా కాపలా కూర్చున్నది నేనే. ఆమె వాటిని వేశాక బాపు వెంటనే పోసేవారు కాదు. పొడుగు గరిటెతో పైన తేలిన కిట్టమంతా ఓపిగ్గా తీసి పక్కన పోసి, లోహం ముఖం తేటపడ్డాక అప్పుడు మూస ఎత్తేవారు. నేను అవ్వ చెయ్యి చూశాను గానీ బాపు గరిటె చూడలేదు. ఆచారంలో సగమే పుట్టింటి నుంచి తెచ్చుకున్నాను.

తెలిసింది, ఇక చెప్పాలి. చెబితే అత్త నోటికి జన్మంతా దొరికిపోతాను. ఆయన నా పూజనే తప్పు పడితే ఏమవుతానో తెలియదు. చెప్పకపోతే, తన చెయ్యి మంచిది కాదని ఆయన బతికినన్నాళ్లూ నమ్ముతారు. దీపంలో నూనె పోసి లేచాను గానీ, ఆ పూట చెప్పకుండానే పడుకున్నాను.

తెల్లవారాక ఆయన ఉతికిన అంగీ వేసుకొని సైకిలు బయటికి తీశారు. ఒక కాలు పెడలు మీద పెట్టారు.

"జర ఆగుండ్రి," అన్నాను.

"ఓ పిల్లా," అని అత్త అరుగు మీద నుంచి మందలించింది. "పోయేటోన్ని ఎనకనుంచి పిలుస్తవా? గింత దెల్వదా?"

"పోవద్దనే పిలిచిన," అని ఆ లోహపు ముక్కనూ నల్లటి గింజనూ ఆయన ముందు పట్టుకున్నాను.

ఆయన గింజను చూశారు. ముక్కలోని గూడు చూశారు. గింజను దాంట్లో పెడితే సరిగ్గా కూర్చుంది.

"బియ్యమా?"

"అక్షింతలు. మూసల నేనే ఏసిన. మా పుట్టింట్ల గట్లనే ఏస్తరు. తడి ఆరలే. తడి పోయి బుగ్గలైంది."

"రెండుసార్లు ఏసినవా?"

"రెండుసార్లు. మొదటిసారి సిటికెడు," ఇక దాచి ఏం లాభమని చెప్పేశాను, "రెండోసారి గుప్పెడు."

"గుప్పెడు," అన్నారాయన.

సైకిలు గోడకు ఆనించి గడప మీద కూర్చున్నారు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వి, కుడి అరచేయి తిప్పి తిప్పి చూసుకున్నారు.

"అయితె నా చెయ్యి మంచిదే," అన్నారు.

"నీ చెయ్యికేమైంది? నేను గన్న చెయ్యి," అంది అత్త. తర్వాత నా వైపు తిరిగి, "గుప్పెడు బియ్యం. ఇంట్ల ఒక పూట గంజి అయితుండె," అంది. నేను భయపడినదాంట్లో నాకు దక్కింది ఆ ఒక్క మాటే. అందుకు కూడా రుణపడే ఉన్నాను.

మూడో పోత బతుకమ్మ రోజుల్లో పడింది. వాకిట్లో తంగేడు పూల మోపు, కొట్టంలో కొలిమి. దసరా వారం ఉంది. ఈసారి మూత నిలవకపోతే ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లక తప్పదని ఆయనా అన్నారు, నేనూ సరేనన్నాను. అక్షింతలు మాత్రం కలిపాను. కలపకుండా ఉండలేకపోయాను. గిన్నె చేతిలో పట్టుకొని కొలిమికి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. ఆయన మూస మీది కిట్టమంతా గరిటెతో తీశారు, బాపు తీసినట్టే, నేను చెప్పినట్టే. లోహం ముఖం తేటపడింది. మూస ఎత్తబోయే ముందు నా దిక్కు చూశారు.

"అవ్వి లోహం నెత్తిన గాదు. నా నెత్తిన ఎయ్యి," అన్నారు.

భర్త తల మీద భార్య అక్షింతలు వేయడం ఎక్కడుందో నాకు తెలియదు. అత్త వైపు చూశాను. "ఎయ్యరాదూ, లోహం సల్లారుతది," అంది. వేశాను. పసుపు గింజలు రెండు ఆయన చెవి వెనక అంటుకొని, పోత పోస్తున్నంతసేపూ అక్కడే ఉన్నాయి.

అంచు తిప్పుతున్నప్పుడు నేను లోపల పొయ్యి దగ్గరే ఉన్నాను. చూడలేక. చెవులు మాత్రం కొట్టంలోనే పెట్టాను. పాట మొదలైంది. ఆగుతుందని చూశాను. ఆగలేదు.

సుద్ద పరీక్షకు అత్త కాపలా కూర్చుంది. తంగేడు పూలు తుంచుకుంటూ, సుద్ద మీదికి వచ్చిన కోడిని అదిలిస్తూ, సగం పొద్దు అక్కడే. నేను రెండుసార్లు తొంగిచూస్తే, "నువ్వు రాకు. నీ చేతుల ఏమున్నదో ఎవలకెరుక," అంది. పొద్దు వాలేసరికి పిలిచింది. సుద్ద తెల్లగా, ఉతికిన పంచెలా ఉంది.

ఆ తర్వాత మూడు రోజులు ఆకురాయి, గరుకు కాగితం, ఆఖరున మెత్తటి గుడ్డ. ఏడు గీతల మధ్య నున్నటి చోట్లు అద్దాలయ్యాయి. అత్త వంగి చూసి, "నా మొఖం గింత ముడతలు వడ్డదా?" అని, "దీన్ల దప్పే," అని తేల్చుకుంది.

మూతను వకీల్ సాబ్ తువ్వాలలోనే చుట్టి ముగ్గురం కరీంనగర్ వెళ్లాం. అత్త రానవసరం లేదు. "ఒక్క నూనె సుక్క కారినా నేను ఊకోను. నా కండ్లతోని జూస్త," అని బస్సులో ముందు సీటు పట్టుకుంది.

వకీల్ సాబ్ ఇంటి ముందు ఆ మోటారు నల్లగా, గుండ్రటి కళ్లతో నిలబడి ఉంది. మా ఆయన నూనె కారకుండా బెండు పట్టీ పరిచి, మూత పెట్టి, ఒక్కో బిగింపునూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా తిప్పారు. వకీల్ సాబ్ మీదికి వంగి చూస్తూ, "బస్ బస్, అగో, మల్ల పలుగుతది," అంటుంటే, "ఫికర్ చెయ్యకుండ్రి సాబ్," అన్నారు. ఇంజను అందుకుంది. మమ్మల్ని వెనక కూర్చోబెట్టుకొని మానేరు ఒడ్డు దాకా పోయి వచ్చారు. నేను దారి పొడుగునా కళ్లు మూసుకొనే ఉన్నాను. అత్త తెరిచే ఉంది. దారిలో ఎదురైన వాళ్లందరికీ ఆమెనే చెయ్యి ఊపిందట.

తిరిగివచ్చి ఇంజను మీది ముందరి రేకు ఎత్తారు. అత్త ముందుకు వచ్చి, ఉతికిన చీర కొంగు వేలికి చుట్టుకొని, వేడి మీదనే మూత చుట్టూ అంచు వెంట నెమ్మదిగా తుడిచింది. నాలుగు మూలలూ తిప్పింది. కొంగు వెలుతురుకు ఎత్తి చూసింది. మరక లేదు.

"ఫోర్‌మన్‌కు ఏం జెప్తవురా మరి?" అంది కొడుకుతో.

"నువ్వే చెప్పు అవ్వా."

"నీ జాగ ఎవరికన్న ఇచ్చుకోమను," అంది.

వకీల్ సాబ్ మూత మీద చెయ్యి పెట్టలేక, పెట్టకుండా ఉండలేక చుట్టూ తిరుగుతున్నారు. పట్నం దోస్తులకు ఆ రోజే రాస్తానన్నారు. రాశారు కూడా. దీపావళికి ముందే గేరు డబ్బ మనిషి మా బజారులో తొవ్వ అడుగుతూ వచ్చాడు. ఆ తర్వాత పిచ్చివాళ్లు నలుగురితో ఆగలేదు. కానీ అది తర్వాతి మాట. ఆ పూట మాత్రం నేను తెచ్చిన అక్షింతల పొట్లం విప్పి మోటారుకు వేయబోతే, అత్త నా చెయ్యి పట్టుకొని, రెండు మూతలు ఎలా పాడయ్యాయో వకీల్ సాబ్‌కు మొదటి నుంచి చివరిదాకా చెప్పేసింది. గుప్పెడు దగ్గర కొంచెం ఎక్కువే చెప్పింది.

ఆయన పగలబడి నవ్వి, ముందరి రేకు గబగబా దించేశారు. "ఇగ ఎయ్యమ్మా," అన్నారు. "మంచిగ ఎయ్యి. లోపటికి మాత్రం పోనియ్యకు."

ఆ నల్లటి గింజ ఊడిన ముక్కను మా ఆయన కరిగించనివ్వలేదు. మా దేవుడి గూట్లో కుందె కింద పెట్టారు. రోజూ నూనె తుడిచేటప్పుడు నా వేలికి ఆ చిన్న గుంట తగులుతుంది. నా వల్ల జరిగిన తప్పును దేవుడి దగ్గరే ఉంచుకోనిచ్చిన మనిషితో కాపురం చేయించినందుకు, గూటిలోని దేవుడికి ఆ పూట దండం అక్కడే మొదలవుతుంది.